లోపెస్ దె ఎరేదియా వైన్‌ను ఎంచుకోవడం, తెరవడం, రుచి చూడటం: సమగ్ర మార్గదర్శి

స్పెయిన్ ఉత్తర ప్రాంతంలో, ఎబ్రో నదికి చేరువలో ఆరో అనే చిన్న పట్టణం ఉంది. రియోహా అనే ప్రాంతపు వైన్లకు అది పుట్టినిల్లు వంటిది. అక్కడి రైల్వే స్టేషనుకు ఆనుకొని ఉన్న వాడలో 1877 నుంచి ఒకే కుటుంబం చేతిలో నడుస్తున్న వైనరీ లోపెస్ దె ఎరేదియా. దాని పేరు కంటే దాని ప్రధానమైన తోట పేరు, అంటే వీన్యా టోండోనియా అన్న పేరే, వైన్ ప్రియులకు ఎక్కువగా తెలుసు. సాధారణంగా మంచి వైన్ కొన్నవారు దానిని ఇంట్లో దాచి, అది పక్వానికి వచ్చేదాకా ఏళ్ల తరబడి ఎదురుచూస్తారు. ఈ కుటుంబం ఆ ఎదురుచూపును తానే భరించి, వైన్ తాగడానికి సిద్ధమయ్యాకే సీసాను బయటికి పంపుతుంది. కాబట్టి కొన్నవారి వంతు పని సరైన సీసాను గుర్తించడం, పాత వైన్‌ను పాడుచేయకుండా తెరవడం, గ్లాసులో కనిపిస్తున్నది గుణమో లోపమో పోల్చుకోవడం. ఈ మూడూ తెలియక ఈ వైన్‌ను పాడైపోయిందనుకొని పక్కన పెట్టేసినవారు చాలామంది ఉన్నారు కనుక, ప్రతి దశనూ కారణంతో సహా వివరిస్తున్నాను.

మొదటి దశ: ఈ వైన్ ఇలా ఎందుకు ఉంటుందో ముందుగా తెలుసుకోండి

పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో ఫిలాక్సెరా అనే వేరుపురుగు ఫ్రాన్సు ద్రాక్షతోటలను తుడిచిపెట్టింది. సొంత తోటలు ఎండిపోతుండగా బోర్డో వర్తకులు సరుకు కోసం పిరనీ పర్వతాలు దాటి రియోహాకు వచ్చారు. ఆరోకు అప్పటికే రైలు మార్గం ఉండటంతో పీపాలను ఎక్కించడానికి స్టేషను పక్కన ఉన్న స్థలమే అనువుగా కనిపించింది. చిలీలో పుట్టి స్పెయిన్‌కు వచ్చిన రఫాయెల్ లోపెస్ దె ఎరేదియా ఈ ఫ్రెంచి వర్తకుల పద్ధతులను దగ్గరగా చూసి, వారి వాడలోనే తన వైనరీని నిర్మించాడు. 225 లీటర్ల ఓక్ పీపాలలో వైన్‌ను ఏళ్ల తరబడి నిలవ ఉంచే బోర్డో పద్ధతి ఆ రోజుల్లో అక్కడ స్థిరపడినదే. ఆ తరువాత, 1899లో, అదే పురుగు రియోహాకూ వచ్చింది. టోండోనియా తోటను 1913, 1914 సంవత్సరాలలో నాటారు. ఎబ్రో నది వంపు తిరిగిన చోట కుడి ఒడ్డున, వంద హెక్టార్లకు పైగా విస్తరించిన తోట అది.

ఇరవయ్యో శతాబ్దం చివరికి వచ్చేసరికి రియోహాలో చాలా వైనరీలు ఉక్కు తొట్లకు, కొత్త ఫ్రెంచి ఓక్‌కు, తక్కువ కాలం నిలవ ఉంచే పద్ధతికి మారాయి. ఈ కుటుంబం మారలేదు. నాలుగో తరానికి చెందిన తోబుట్టువులు ఇప్పటికీ పెద్ద చెక్క తొట్లలోనే రసాన్ని పులియబెడుతున్నారు. పీపాలను వైనరీలోనే ఉన్న సొంత వడ్రంగిశాలలో, అమెరికా ఓక్‌తో తయారు చేయిస్తున్నారు. పాతబడిన పీపాను పారేయరు. పలకలు మార్చి, ఇనుప కట్లు బిగించి మళ్లీ వాడతారు.

ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే రుచి సగం అర్థమైనట్టే. కొత్త పీపా వైన్‌కు తన చెక్క వాసన ఎక్కిస్తుంది. పాత పీపాలో ఎక్కించడానికి మిగిలిన వాసన దాదాపు ఉండదు. అది చేసే పని వేరు. చెక్క సూక్ష్మరంధ్రాల గుండా గాలిని అతి నెమ్మదిగా లోపలికి పోనిస్తుంది. ఆ గాలి వైన్‌లోని వగరును మెత్తబరుస్తుంది, రంగును నెమ్మదిగా మారుస్తుంది, పచ్చి పండు వాసనను ఎండు పండు వాసనగా మారుస్తుంది. పీపా అడుగున చేరిన మడ్డిని వదిలి, తేటను మాత్రం మరొక పీపాలోకి చేత్తో మార్చే పని ఏళ్ల తరబడి జరుగుతుంది. సీసాలో నింపేముందు కోడిగుడ్డు తెల్లసొనతో తేర్చుతారు, వడపోయరు. ఇన్ని జరిగాక వైన్‌లో మిగిలేవి గట్టి పులుపు, పలుచని శరీరం (అంటే నోటిలో తేలికగా తోచడం), విడివిడిగా పట్టుకోవలసిన సున్నితమైన వాసనలు. చిక్కగా, తియ్యగా, నోరంతా నిండేలా ఉండే వైన్ కోరుకునేవారికి ఇది నచ్చకపోవచ్చునని ముందే చెప్పడం న్యాయం.

రెండో దశ: లేబుల్ మీద తోట పేరు చదవండి

ఈ వైనరీ వైన్లకు తోటల పేర్లే పేర్లు. ఎరుపు వైన్లు మూడు. కుబియో అన్నింటికంటే చిన్నది, ఏటా సులభంగా దొరికేది, వెల తక్కువది. దానిని సుమారు మూడేళ్లు పీపాలో ఉంచుతారు. బోస్కోనియా ఎల్ బోస్కె అనే తోట నుంచి వస్తుంది, సుమారు ఐదేళ్లు పీపాలో ఉంటుంది, భుజాలు వాలిన బర్గండీ తరహా సీసాలో వస్తుంది. టోండోనియా రిసర్వా (రిసర్వా అనేది నిలవ కాలాన్ని తెలిపే శ్రేణి, మూడో దశలో వివరిస్తాను) సుమారు ఆరేళ్లు పీపాలో ఉండి, భుజాలు నిటారుగా ఉండే బోర్డో తరహా సీసాలో వస్తుంది. కొంచెం దూరం నుంచి చూసినా సీసా ఆకారాన్ని బట్టి ఈ రెండింటినీ వేరు చేయవచ్చు.

మూడింటిలోనూ టెంప్రానియో రకం ద్రాక్షదే పెద్ద పాలు. దానికి గర్నాచా, గ్రాసియానో, మసువేలో తోడవుతాయి. టెంప్రానియో వెన్నెముక వంటిది, గర్నాచా కండ పడుతుంది, గ్రాసియానో పులుపునూ పరిమళాన్నీ ఇస్తుంది. నా అభిప్రాయంలో బోస్కోనియాలో టెంప్రానియో పాలు కొంచెం ఎక్కువ కావడం వల్ల గుండ్రటి మెత్తదనం ముందుగా తెలుస్తుంది. టోండోనియా మొదట బిగుసుకొని ఉండి, గ్లాసులో అరగంట గడిచాక విప్పారుతుంది.

తెలుపు వైన్లు రెండు. గ్రవోనియా పూర్తిగా వియూరా ద్రాక్షతో తయారై, సుమారు నాలుగేళ్లు పీపాలో ఉంటుంది. టోండోనియా తెలుపులో వియూరాతో పాటు కొద్దిగా మల్వసీయా కలుస్తుంది, అది సుమారు ఆరేళ్లు పీపాలో ఉంటుంది. తెలుపు వైన్‌ను ఏడాది తిరక్కుండానే తాగేయాలన్న మాట ఇక్కడ చెల్లదు. ఈ ఇంటి గొప్పతనాన్ని తెలుపు వైనే ఎక్కువగా చూపిస్తుందని నేను గట్టిగా నమ్ముతాను. ఇవి కాక గులాబీ రంగు వైన్ ఒకటుంది. దానిని కూడా సుమారు నాలుగేళ్లు పీపాలో నిలవ ఉంచడం ప్రపంచంలో చాలా అరుదు. 2000 సంవత్సరపు పంట తరువాత మళ్లీ 2008 పంటతోనే అది బయటికి వచ్చింది కనుక, కనిపించినప్పుడు వదులుకోకూడదు.

మూడో దశ: శ్రేణినీ సంవత్సరాన్నీ కలిపి చదవండి

రియోహా నియమాల ప్రకారం ఎరుపు వైన్‌లో క్రియాన్సా అంటే మొత్తం రెండేళ్లు, అందులో కనీసం ఒక ఏడు ఓక్ పీపాలో ఉండాలి. రిసర్వాకు మొత్తం మూడేళ్లు, అందులో కనీసం ఒక ఏడు పీపాలో. గ్రాన్ రిసర్వాకు మొత్తం ఐదేళ్లు, అందులో కనీసం రెండేళ్లు పీపాలో. ఇవి కనీస పరిమితులు మాత్రమే. ఇక్కడ టోండోనియా రిసర్వా నియమం అడిగిన దానికి ఆరింతల కాలం పీపాలో గడుపుతుంది. గ్రాన్ రిసర్వా సుమారు పదేళ్లు గడుపుతుంది, అదీ చాలా మంచి పంటలకే. కాబట్టి ఈ వైనరీ రిసర్వాను వేరొక వైనరీ రిసర్వాతో పేరును బట్టి పోల్చడం పొరపాటు.

లేబుల్ మీద ఉండేది ద్రాక్ష కోసిన సంవత్సరం. ఈ వైన్ల విషయంలో ఆ సంవత్సరం పదేళ్లకు పైగా వెనకటిదైతే దుకాణదారు దగ్గర అమ్ముడుపోక మిగిలిన సరుకని అనుకోకండి. చాలాసార్లు అదే తాజాగా విడుదలైన పంట. సీసా వెనుక రియోహా నియంత్రణ మండలి అంటించే సంఖ్య గల చిన్న ముద్ర కూడా చూడండి. క్రియాన్సాకు ఎరుపు, రిసర్వాకు ముదురు ఎరుపు, గ్రాన్ రిసర్వాకు నీలం రంగు ఉంటాయి. ముందు లేబుల్ మీద రాసిన శ్రేణికీ ఈ ముద్రకూ పొంతన ఉండాలి.

మొదటిసారి కొనేవారు కుబియోతో మొదలుపెట్టి, తరువాత గ్రవోనియా, ఆ పైన టోండోనియా రిసర్వా తెరవడం మంచిదని నా సలహా. నేరుగా గ్రాన్ రిసర్వాకు వెళితే ఖర్చు పెరుగుతుంది, పోల్చుకోవడానికి ముందు తాగిన వైన్ ఉండదు.

నాలుగో దశ: సీసాను చేతిలోకి తీసుకొని పరీక్షించండి

కొత్తగా విడుదలైన పంటకు ఈ పరీక్ష పెద్దగా అవసరం లేదు. వేలంలోనో, పాత సరుకు అమ్మేవారి దగ్గరో కొంటున్నప్పుడు మాత్రం తప్పనిసరి. మొదట వైన్ మట్టం చూడాలి. బోర్డో తరహా సీసాలో ఇరవై ఏళ్ల లోపు వైన్ మెడ వరకు నిండి ఉండాలి. ముప్పై, నలభై ఏళ్లదైతే భుజం పైభాగం దాకా తగ్గినా ఫరవాలేదు. భుజం మధ్యకు దిగిందంటే బిరడా గుండా గాలి ఎక్కువగా దూరినట్టు లెక్క, తగ్గింపు ధరకు ఇచ్చినా నేను తీసుకోను. తరువాత బిరడా మూత చుట్టూ జిగురుగా కారిన మరకలు ఉన్నాయేమో, బిరడా పైకి పొడుచుకు వచ్చిందేమో చూడాలి. ఆ రెండూ వేడి తగిలిన గుర్తులు. లేబుల్ మీది బూజు మరకకు భయపడనవసరం లేదు. తేమ గల నేలమాళిగలో నిద్రపోయిన సీసాకు అది సహజం.

తెలుపు వైన్‌ను వెలుతురుకు ఎదురుగా పట్టి రంగు చూడండి. బంగారు పసుపు, తేనె రంగు వరకు సంతోషించవలసిందే. చిక్కటి గోధుమ రంగుకు తిరిగితే ఆలోచించాలి.

నిలవ ఉంచడం గురించి ఎక్కువ చెప్పనక్కర లేదు. 12 నుంచి 14 డిగ్రీల సెల్సియస్ మధ్య నిలకడగా ఉండే చీకటి చోటు, సీసా పడుకొని ఉండటం, దగ్గరలో కదలికలూ ఘాటు వాసనలూ లేకపోవడం చాలు. ఉష్ణోగ్రత కొంచెం ఎక్కువైనా, రోజూ పెరిగి తగ్గకుండా ఉండటమే ముఖ్యం.

ఐదో దశ: తెరవడం

మొత్తం మీద పొరపాట్లు ఎక్కువగా జరిగేది ఇక్కడే కాబట్టి తొందర పనికిరాదు. వడపోయని వైన్, ఏళ్ల వయసు గల వైన్, అడుగున మడ్డి కట్టుకొని ఉంటుంది. తాగే రోజుకు కనీసం ఒక రోజు ముందు, గ్రాన్ రిసర్వా అయితే రెండు మూడు రోజుల ముందు, సీసాను నిలబెట్టి కదపకుండా వదిలేయాలి. మడ్డి అడుగుకు చేరి ఒదిగి కూర్చుంటుంది.

బిరడా మీద లక్క ఉంటే దానిని కత్తితో చెక్కడం మొదలుపెట్టకండి. ముక్కలు ఎగిరి గ్లాసులో పడతాయి. బిరడా తీసే మరమేకును (కార్క్‌స్క్రూను) లక్క మీదుగానే నిటారుగా దించి, బిరడాను సగం దాకా పైకి లాగి ఆపాలి. అప్పుడు పగిలిన లక్క పెచ్చులను తడిబట్టతో తుడిచి, మెడ శుభ్రమయ్యాక మిగిలిన సగాన్ని లాగాలి. పాతిక ముప్పై ఏళ్లు దాటిన సీసాకు మామూలు మరమేకు కంటే రెండు పలుచని రేకులు గల తీతమేకు నయం. బిరడాకూ గాజుకూ మధ్య ఒక రేకును కొంచెం దించి, రెండోదాన్ని కొంచెం దించి, అలా ఇటూ అటూ ఆడిస్తూ చివరిదాకా పంపాక, తిప్పుతూ పైకి తీయాలి. మధ్యలో బిరడా విరిగితే కంగారు పడవద్దు. మిగిలిన ముక్కలోకి మరమేకును కొంచెం ఏటవాలుగా గుచ్చి తీయవచ్చు. అదీ కుదరకపోతే లోపలికి నెట్టి, శుభ్రమైన పలుచటి నూలు గుడ్డ గుండా వైన్‌ను పాత్రలోకి వంచుకోవచ్చు. రుచికి వచ్చే నష్టమేమీ లేదు.

ఇక తేర్చడం, అంటే మడ్డిని సీసాలోనే వదిలి తేటను పాత్రలోకి పోయడం. బల్ల మీద ఒక కొవ్వొత్తి వెలిగించి, సీసా మెడ ఆ వెలుగుకు పైన వచ్చేలా పట్టుకోవాలి. గాజు పాత్రను ఎడమచేత పట్టి, సీసాను కుడిచేత మెల్లగా వంచుతూ, ఒకే ధారగా, మధ్యలో ఆపకుండా పోయాలి. ఆపితే వెనక్కి వెళ్లిన వైన్ మడ్డిని కదిపేస్తుంది. మొదట మెడ గుండా వెలుగు ఎర్రగా, తేటగా కనిపిస్తుంది. సీసాలో రెండు మూడు వేళ్ల ఎత్తు మిగిలేసరికి ఆ వెలుగులోకి సన్నటి పొగచారలాంటిది పాకి వస్తుంది. అదే మడ్డి. అది భుజం దాటి మెడలోకి రాగానే ఆపేయాలి. మిగిలినది పోయినట్టే అనుకోండి. దాని కోసం ఆశపడితే పాత్రలోని వైన్ అంతా మబ్బుపడుతుంది.

ఎంత ముందుగా తేర్చాలన్నది వయసును బట్టి ఉంటుంది. పది పన్నెండేళ్ల రిసర్వాను తాగడానికి గంట ముందు తేర్చితే మేలు. నలభై ఏళ్ల గ్రాన్ రిసర్వాను వడ్డించే సమయానికే తేర్చాలి, ఎందుకంటే దాని పరిమళం అరగంటలో పూసి అరగంటలో వాడిపోవచ్చు. తెలుపుకు మడ్డి సమస్య తక్కువ, గాలి అవసరం మాత్రం ఎక్కువ. గంట ముందే తెరిచి ఉంచండి.

ఆరో దశ: వడ్డించి రుచి చూడటం

ఎరుపు వైన్ 16, 17 డిగ్రీల వద్ద, తెలుపు 12 నుంచి 14 డిగ్రీల వద్ద ఉండాలి. ఫ్రిజ్ నుంచి తీసిన వెంటనే పోస్తే తెలుపు టోండోనియా మూగబోతుంది, పులుపు తప్ప మరేమీ తెలియదు. ఎరుపుకూ తెలుపుకూ కూడా పొట్ట వెడల్పుగా, పైన సన్నబడే గ్లాసే వాడండి, మూడో వంతుకు మించి నింపకండి.

గ్లాసును వంచి అంచు చూడండి. ఎరుపు వైన్ అంచున ఇటుక రంగు, నారింజ ఛాయ కనబడుతుంది. పీపాలో గడిచిన ఏళ్ల గుర్తు అది. వాసనలో ఎండిన చెర్రీ, తోలు, పొగాకు ఆకు, ఎండుటాకులు, కొంచెం దాల్చినచెక్క తోస్తాయి. తెలుపులో తేనెమైనం, బాదం, ఎండిన నారింజ తొక్క, చామంతి పూలు. తేనె వాసన వచ్చింది కదా అని తీపి ఆశించకండి. నోటిలో పూర్తిగా తీపి లేకుండా, ఉప్పదనంతో, గట్టి పులుపుతో ఉంటుంది. ముక్కుకు ఒకలా, నాలుకకు మరొకలా తోచే ఈ తేడా దగ్గరే కొత్తవారు తికమకపడతారు.

లోపాన్ని గుర్తించడం ఇలా. తెరిచిన వెంటనే మూసిన గది వాసన వస్తే ఇరవై నిమిషాలు ఆగండి, అది దానంతట అదే పోతుంది. తడిసిన అట్టపెట్టె వాసన వచ్చి, సమయం గడిచేకొద్దీ పెరుగుతూ పోతే అది బిరడా దోషం. ఆ సీసాను ఎవరూ బాగుచేయలేరు, అమ్మినవారికి తిరిగి ఇవ్వడమే మార్గం. ముక్కుకు కొద్దిగా సిర్కా ఛాయ తగలడం ఇంతకాలం పీపాలో ఉన్న వైన్‌కు కొత్త కాదు, కానీ గొంతులో మంట పెడితే దోషమే. బాదం, అక్రోటు వాసనలు గాలి చేసిన మంచి పని. పండు జాడే లేకుండా మెత్తబడి కుళ్లిన ఆపిల్ వాసన ఒక్కటే మిగిలితే ఆ గాలి హద్దు దాటింది.

భోజనంతో తాగేటట్లయితే ఆ ప్రాంతపు వంటలే దారి చూపుతాయి. రియోహాలో ఎండిన ద్రాక్షతీగల మంట మీద కాల్చే లేత గొర్రెపిల్ల పక్కటెముకలకు టోండోనియా ఎరుపు అతికినట్టు సరిపోతుంది. మాంసపు కొవ్వును వైన్ పులుపు కోస్తుంది, తీగల పొగ వైన్‌లోని పొగాకు వాసనను పైకి తెస్తుంది. పొరుగున ఉన్న బాస్క్ ప్రాంతపు ఇదియసాబల్ అనే గొర్రెపాల చీజ్‌కు ఎరుపు కంటే తెలుపు టోండోనియా ఎంతో మేలు. గులాబీ రంగు వైన్‌కు పలుచగా కోసిన స్పానిష్ హామ్ చాలు.

ఏడో దశ: వీలైతే వైనరీని చూసి రండి

ఆరో పట్టణం బిల్బావోకు దక్షిణంగా సుమారు 100 కిలోమీటర్ల దూరంలో ఉంది. సందర్శనకు ముందే సమయం నిర్ణయించుకోవాలి, నేరుగా వెళితే లోపలి నేలమాళిగలు చూసే వీలుండకపోవచ్చు. జూన్ 29న పట్టణంలో ఒకరిపై ఒకరు వైన్ చల్లుకునే పండుగ జరుగుతుంది. ఆ రద్దీ కోరుకునేవారు తప్ప మిగిలినవారు ఆ రోజులను తప్పించుకోవడం మంచిది.

ద్వారం దగ్గర కనిపించే లోహపు కట్టడం ప్రసిద్ధ వాస్తుశిల్పి జహా హదీద్ రూపొందించినది, 2006లో పూర్తయింది. 1910 బ్రస్సెల్స్ ప్రపంచ ప్రదర్శన కోసం ఈ కుటుంబం చేయించిన చెక్క దుకాణం పాత సామాన్ల మధ్య దొరికితే, దానిని బాగుచేయించి, దానికి గూడులా ఈ కొత్త కట్టడాన్ని కట్టించారు. పక్క నుంచి చూస్తే వైన్ తేర్చే పాత్రలా ఉంటుంది. తరువాత వడ్రంగిశాల వద్ద కొంతసేపు ఆగి, పలకలు వంచి కట్టు బిగించే పని చూడమని నా మనవి. పీపాల గురించి మొదటి దశలో చెప్పినదంతా అక్కడ కళ్లకు కడుతుంది.

నేలమాళిగలో పాత సీసాల అరల మీద సాలెగూళ్లు దట్టంగా వేలాడుతుంటాయి. వాటిని దులపకుండా కావాలనే ఉంచారు. బిరడాలను తొలిచే చిమ్మటలను సాలెపురుగులు తినేస్తాయి. గోడల మీది నల్లటి బూజునూ అలాగే వదిలేశారు, గదిలోని తేమతో అది పెరుగుతుంది.

వాడలోనే క్యూనె, లా రియోహా ఆల్తా, ముగా వంటి పాత వైనరీలు నడిచి వెళ్లేంత దగ్గరలో ఉన్నాయి. అదే రోజు వాటిలో ఒకదానిలోనైనా రిసర్వా రుచి చూడండి. ఒకే ప్రాంతపు ద్రాక్ష ఇంటింటికీ ఎంత మారుతుందో పక్కపక్కనే తాగినప్పుడు తెలిసినంతగా చదివితే తెలియదు.

ఎనిమిదో దశ: మిగిలిన వైన్

తెరిచిన ఎరుపు గ్రాన్ రిసర్వాను ఆ రాత్రికే పూర్తిచేయాలి. రిసర్వా, కుబియో అయితే బిరడా బిగించి చల్లటి చోట ఉంచితే మరుసటి రోజుకు నిలుస్తాయి. తెలుపు సంగతి వేరు. పీపాలో ఏళ్ల తరబడి గాలికి అలవాటు పడిన వైన్ కనుక ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు చెక్కుచెదరదు. మొదటి రోజు బిగుసుకొని కూర్చున్న గ్రవోనియా రెండో రోజున తేనెమైనం వాసనతో విప్పారడం తరచుగా చూసే విషయమే. అందుకే తెలుపు సీసా తెరిచినప్పుడు ఒక గ్లాసెడు రేపటికని మిగిల్చి, వడ్డించడానికి అరగంట ముందు ఫ్రిజ్ నుంచి బయట పెట్టండి.